సీసా మీది చీటీ

డాక్టరు కాగితం మీంచి తల ఎత్తకుండానే అడిగాడు, ఈయనకి మాత్రలు ఎవరిస్తారని.

గదిలో ఉన్నది ఒక్కటే కుర్చీ. అందులో ఆడపడుచు కూర్చుంది. మామగారు పరీక్ష బల్ల అంచున, భర్త తలుపుకి వీపు ఆనించి. ఆమె ఫైలు గుండెలకి హత్తుకుని మామగారి పక్కన నిలబడింది. ప్రశ్న వినగానే ముగ్గురి తలలూ ఆమె వైపే తిరిగాయి.

"నేనేనండీ," అంది.

"రక్తం నంబరు ఎంతుందో తెలుసా? ఐదు పాయింట్ ఎనిమిది. రెండున్నరకీ మూడున్నరకీ మధ్య ఉండాలి. గుండెలో కవాటం మార్చిన మనిషికి రక్తం పలచబడే మాత్ర ఇస్తున్నారు మీరు, పిప్పరమెంటు కాదు. మర్చిపోయి రెండుసార్లు వేసేశారా?"

లేదంది. ఫైల్లోంచి క్యాలెండరు కాగితం తీసి ముందు పెట్టింది. ప్రతి గడిలోనూ పొద్దుటికి ఒక గీత, సాయంత్రానికి ఒక గీత. ఆయన దాన్ని పక్కకి జరిపి, మామగారి ముంజేయి పట్టుకుని వంకాయ రంగు మచ్చని బొటనవేలితో నొక్కి చూశాడు. మచ్చ మోచేతి దాకా పాకి ఉంది. గీతలు ఎవరైనా గీస్తారు, దీన్ని గీసిందెవరు అన్నట్టుంది ఆ చూపు.

కిందటి నెల ఇదే గదిలో నంబరు ఒకటిన్నరకి పడిపోయిందని చెప్పి, ఇదే డాక్టరు, ఆకుకూరలు పెడుతున్నారు కదూ అని అడిగాడు. ఆకుపచ్చది ఏదీ ఈయన కంచంలో కనపడకూడదన్నాడు. ఆ రోజు నుంచి ఇంట్లోకి ఒక్క ఆకు రాలేదు. ఒక్క మనిషికి వేరే వంట చేసే తీరిక ఆమెకి లేదు కనక తన కంచంలోకీ రాలేదు. తక్కువైతే వంట తప్పు. ఎక్కువైతే చేతి తప్పు. వంటా తనదే, చెయ్యీ తనదే.

"ఇంకేం మందులూ లేవు కదా?" అన్నాడు డాక్టరు, అప్పటికే రాస్తూ.

"పొద్దున బీపీది ఒకటి. కాల్షియం రెండు పూటలా. అంతేనండీ."

భర్త ఫోను తీసి టైము చూసుకున్నాడు. మామగారి ఎడమ కాలు నేలని ఒకసారి నొక్కి వదిలింది. ముప్పై ఏళ్ళు బస్సు నడిపిన మనిషి. ఇబ్బందిలో పడితే ఇప్పటికీ ఆ కాలు క్లచ్ కోసం వెతుక్కుంటుంది.

మూడు రోజులు రక్తం మాత్ర ఆపమన్నాడు. నాలుగో రోజు మళ్ళీ రక్తం పరీక్ష. ఒక అచ్చు కాగితం చేతిలో పెట్టాడు. చిగుళ్ళలోంచి రక్తం, తారులాంటి నల్లటి విరేచనం, ఆగని తలనొప్పి, వీటిలో ఏది కనపడినా వెంటనే రావాలి. ఈసారైనా జాగ్రత్తగా ఉండండి అని ఆ కాగితంతో పాటు ఒక మాట కూడా.

బయట మెట్ల మీద ఆడపడుచు తమ్ముడితో మాట్లాడింది, ఆమెకి వినపడేలా. పొద్దున లేస్తే చొక్కాల ఫ్యాక్టరీలో కాలర్లూ కఫ్‌లూ, మతి ఇంట్లో ఉంటేగా, ముసలాయన ప్రాణం మీదికి తెచ్చేదాకా తెలియలేదు పాపం అంది. భర్త షోరూంలో సోఫాలు అమ్ముతాడు. వద్దని వెళ్ళిపోయే వాణ్ణి కూడా వెనక్కి పిలిచి కూర్చోబెట్టగల నోరు. ఆ నోటితో అతను రెండే మాటలన్నాడు.

"పోనీలే అక్కా."

ఆమె మెట్టు దిగుతూ ఆగింది. తప్పు చేసినవాళ్ళని కదా పోనీలే అంటారు.

*

ఆ సాయంత్రం భోజనాలయ్యాక మందుల డబ్బా దించింది. రక్తం మాత్రల అట్టని విడిగా తీసి, ఎవరికీ అందకుండా పైఅరలో గ్లాసు కింద పెట్టింది. క్యాలెండరులో మూడు గడుల్లో 'వద్దు' అని రాసింది. తర్వాత కాల్షియం సీసా మూత తిప్పి అరచేతిలోకి ఒకటి రాల్చుకుంది.

మాత్ర గుండ్రంగా, తెల్లగా, మధ్యలో సన్నటి గీతతో ఉంది. మొదట్లో ఇవి కోలగా ఉండేవి, అంచు మెత్తగా. పదహారు రోజుల కిందట ఈ తేడా ఆమె కంట పడింది. రోజుకి ఆరేడు వందల చొక్కాలు తిరగేసి చూసే కన్ను, పడకుండా ఎలా ఉంటుంది? మాత్ర మారిందేమిటని భర్తని అడిగింది. అతను టీవీ లోంచి కళ్ళు తీయకుండా, కంపెనీ మారిందట, లోపల మందు అదే అన్నాడు. కన్ను పట్టుకుంది, నోరు అడిగింది, చెవి నమ్మింది. ఆ సంగతి అక్కడితో అయిపోయింది.

"అది మాత్రం ఆపకు అమ్మాయ్," అన్నాడు మామగారు చెయ్యి చాపుతూ. "ఆ కాల్షియం పడ్డాక క్లచ్ కాలు కాస్త మాట వింటోంది."

"డాక్టరు ఆపమన్నది రక్తం మాత్రే మావయ్యగారూ. ఇది వేసుకోండి."

నీళ్ళ గ్లాసు అందించింది. ఆయన మింగేదాకా నిలబడి చూసి క్యాలెండరులో గీత పెట్టింది. ఆడపడుచు మాట గుర్తొచ్చి, గీత పక్కన టైము కూడా రాసింది. ఏడూ నలభై. రేపెవరైనా అడిగితే చూపించాలి. ఆ ఆలోచనకే ఒళ్ళు మండింది. సొంత ఇంట్లో మనిషికి మందు ఇవ్వడానికి సాక్ష్యాలు తయారు చేసుకుంటోంది తను.

*

ఆమె పనిచేసే చోట చెకింగ్ బల్ల తెల్లగా ఉంటుంది, మీద ఆరు ట్యూబులైట్లు. చొక్కా లోపలికి తిరగేసి, కుట్టు వెంట బొటనవేలు నడిపిస్తూ పోతే తప్పు దానంతటదే వేలికి తగులుతుంది. తగిలిన చోట ఎర్ర బాణం అంటించి పక్కన పడెయ్యాలి. ఇరవై చొక్కాల కట్టకి ఒక చీటీ, మీద సైజు, కట్ట నంబరు, ఏ మెషీన్ల మీదుగా వచ్చిందో. తప్పు దొరికితే చీటీ పట్టుకుని వెనక్కి నడవడమే, అది పుట్టిన మెషీను దగ్గర ఆగుతుంది.

మర్నాడు పదింటికి సూపర్‌వైజరు రెండు చొక్కాలు తెచ్చి బల్ల మీద విసిరాడు. నలభై రెండు సైజు చొక్కాలకి నలభై సైజు కఫ్‌లు. అప్పటికే కట్టలో ఇరవైయ్యీ అలాగే కుట్టేశారు.

చివర చూసిందెవరు అన్నాడు. లైను మొత్తం వినేలా. కళ్ళున్నాయా, ఇంట్లో పెట్టొచ్చావా అని కూడా అన్నాడు.

ఇంకో రోజైతే ఆమె తల వంచుకునేది. ఇవాళ ఎందుకో వంచబుద్ధి కాలేదు. కట్ట మీద చీటీ ఊడదీసి, ట్యూబులైటు కిందికి పట్టుకుంది. పిన్ను గుచ్చిన చిల్లులు రెండుండాలి. నాలుగున్నాయి.

"ఈ చీటీని ఒకసారి తీసి మళ్ళీ గుచ్చారు సార్. ఇది వేరే కట్టది. నేను చీటీలో ఉన్న సైజుకే చూశాను."

సూపర్‌వైజరు చీటీని కళ్ళ దగ్గరికి తెచ్చుకున్నాడు. లైనులో మెషీన్లన్నీ ఒక్కసారిగా జోరందుకున్నాయి. ఎవరూ తల ఎత్తలేదు. చివరికి కఫ్‌ల మెషీను మీదున్న మనిషి లేచి నిలబడింది. ఒక కట్ట పాడు చేసి, తిట్లు పడతాయని చీటీ మార్చేసిందట. సూపర్‌వైజరు ఆ మనిషిని తిట్టి, విప్పి కుట్టమని చెప్పి వెళ్ళిపోయాడు. చెకింగ్ బల్ల దగ్గరికి మాత్రం తిరిగి రాలేదు.

భోజనాల వేళ లైనులో అందరికంటే పెద్దది, అందరూ పెద్దమ్మా అని పిలిచే టైలరు, క్యారియరు మూత తీస్తూ అంది.

"తప్పు కుడితే విప్పి కుట్టొచ్చే. చీటీ మారిస్తే ఏది విప్పాలో దేవుడికి కూడా తెలీదు." తర్వాత ఆమె గిన్నెలోకి తొంగి చూసింది. "ఏంటి, నెల రోజులుగా బంగాళాదుంపే? మొక్కు గానీ మొక్కావా?"

"మా మావయ్యగారికి ఆకుకూర పడదట."

"ఆయనకి పడకపోతే నీకేమైంది?"



*

మూడో రోజు పొద్దున మామగారు బాత్రూంలోంచి గోడ పట్టుకుని వచ్చి మంచం మీద కూలబడ్డాడు. నీళ్ళు పొయ్యడం మర్చిపోయాడు. ఆమె బకెట్టు ఎత్తబోయి ఆగింది. నల్లగా, జిగటగా, రోడ్డు మీద పోసే తారులా ఉంది. వాసన ముక్కుని కోసింది.

అచ్చు కాగితం ఫ్రిజ్ మీద అంటించి ఉంది. మళ్ళీ చదవక్కర్లేకపోయింది.

భర్త గడ్డం గీసుకుంటున్నాడు. ఎలాగూ రేపు డాక్టరు దగ్గరికి వెళ్తాం కదా అన్నాడు. రాత్రి ఏం పెట్టావు అని కూడా అడిగాడు. ఆమె సబ్బు నురగ పట్టిన ఆ మొహం వంక ఒక్క క్షణం చూసి, వెళ్ళి మామగారికి చెప్పులు తొడిగింది. ఆయన పాదాలు చల్లగా ఉన్నాయి. పెదవుల రంగు పోయింది. పొద్దుటి మాత్రలు ఇంకా ఇవ్వలేదు. ఆయన్ని ఆటో ఎక్కించి, ఫైలు చేతిలో పెట్టుకుని బయల్దేరింది. భర్త వెనకాల బండి మీద వచ్చాడు.

ఆసుపత్రిలో గంటలో మంచం, సూది, రక్తం సంచీ. కడుపులో ఎక్కడో కారుతోందన్నారు. మూడు రోజులుగా మాత్ర ఆపినా ఇంత కారడమేమిటని డ్యూటీ డాక్టరు కుర్రవాడు ఫైలు ముందుకీ వెనక్కీ తిప్పాడు. ఆడపడుచు వచ్చింది. వస్తూనే మంచం పట్టె పట్టుకుని ఏడ్చింది. తర్వాత కొంగుతో ముక్కు తుడుచుకుని, ఆమె వంక తిరక్కుండా గోడకి చెప్పింది, ఆపానని చెప్పి ఇస్తూనే ఉందేమో ఎవరు చూశారని.

భర్త ఆ మాట విన్నాడు. వరండాలోకి నడిచాడు.

అప్పుడు వచ్చింది మందులావిడ. కళ్ళజోడుకి తాడు, చేతిలో అట్ట, అట్టకి క్లిప్పు. వార్డులో చేరిన ప్రతి మనిషీ వాడే మందుల్ని సరిచూడటం ఆవిడ పనిట. నెమ్మదిగా, మర్యాదగా అడిగింది. ఆమె మూడు మందుల పేర్లూ చెప్పింది.

"పేర్లు చాలవమ్మా. ఇంటికెళ్ళి ఆయన నోట్లోకి వెళ్ళేవన్నీ ఒక సంచీలో వేసుకు రండి. మాత్రలు, టానిక్కులు, చూర్ణాలు, కాలికి రాసుకునేవి కూడా. సర్దకండి, కడగకండి. అట్టలు అట్టలుగా, సీసాలు సీసాలుగా, ఎలా ఉన్నవి అలాగే."

*

ఇల్లు పొద్దున వదిలేసినట్టే ఉంది. ఆమె బాత్రూంలో నీళ్ళు కుమ్మరించి, చేతులు కడుక్కుని, మందుల డబ్బా బల్ల మీద బోర్లించింది. రక్తం మాత్రల అట్ట పైఅరలో గ్లాసు కిందే ఉంది. లెక్క సరిపోయింది. బీపీ మాత్రలు సరిపోయాయి. కాల్షియం సీసా చేతిలోకి తీసుకుంది, సంచీలో వెయ్యబోయింది.

బరువుగా ఉంది.

ఈ సీసా కొన్నది నెల కిందట. అరవై మాత్రలు, రోజుకి రెండు. ఈపాటికి అడుగంటి ఉండాలి. సీసా తెల్లటి ప్లాస్టిక్, బయటికి ఏమీ కనపడదు. రోజూ మూత తీసి ఒకటి రాల్చుకోవడమే గానీ లోపలికి చూసిందెప్పుడు? చీటీ చూసింది. చీటీని నమ్మింది.

తెల్లటి తువ్వాలు పరిచి సీసా వంచింది. గుండ్రటివి దొర్లాయి. వాటి వెనక చివరికి మూడు కోలవి పడ్డాయి, దారి తప్పినవాళ్ళలా. ఆమె చూపుడువేలితో ఒక్కొక్కటీ పక్కకి లాగింది. గుండ్రటివి ఇరవై నాలుగు. కోలవి మూడు. ఒకే కంపెనీ ఒకే సీసాలో రెండు రకాలు పెట్టదు. మధ్యలో ఎవరో మూత తీసి, ఉన్నవి పారబోసి, ఇవి పోశారు.

కుర్చీలో కూర్చుంది. పద్దెనిమిది రోజులు, రోజుకి రెండు. ముప్పై ఆరు. ఒక్కొక్కటీ తన అరచేతిలోంచే వెళ్ళింది. నీళ్ళు అందించింది తను. మింగేదాకా నిలబడింది తను. గీత పెట్టింది తను. రక్తం మాత్ర పైఅరలో దాచి, ఎంత జాగ్రత్తగా, ఎంత శ్రద్ధగా, టైము రాసి మరీ.

ఫోను తీసి భర్త నంబరు నొక్కబోయింది. ఆగింది. ఇప్పుడడిగితే అతనికి దారి పొడుగునా ఆలోచించుకునే టైము దొరుకుతుంది. సోఫాలు అమ్మే మనిషి. ఆమె మాత్రల్ని సీసాలో పోసి, మూత బిగించి సంచీలో వేసింది.

*

మందులావిడ సీసాని అట్ట మీద వంచి, ఒక గుండ్రటి మాత్రని కళ్ళజోడు కిందికి తెచ్చుకుంది. దాని మీదున్న అక్షరాల్ని ఫోనులో ఏదో చూసి సరిపోల్చింది. పెద్దగా ఆశ్చర్యపోలేదు. రోజూ చూసేవే కాబోలు.

"ఇది కాల్షియం కాదు. నొప్పుల మాత్ర, గట్టి రకం. మామూలు వాళ్ళకే కడుపులో పుండు చేస్తుంది. రక్తం పలచబడే మాత్ర వేసుకునే మనిషికి దీన్ని అసలు చూపించకూడదు."

అప్పటికి పెద్ద డాక్టరు కూడా వచ్చాడు, అదే క్లినిక్ డాక్టరు. మంచం చుట్టూ అందరూ ఉన్నారు. మామగారు కళ్ళు మూసుకుని ఉన్నాడు గానీ నిద్రలో లేడు, రెప్పలు కదులుతున్నాయి.

"ఇవి ఎవరిచ్చారు?" అన్నాడు డాక్టరు.

"నేనే ఇచ్చాను," అంది ఆమె. "రోజుకి రెండు, పద్దెనిమిది రోజులు. నా చేత్తోనే."

ఆడపడుచు నోరు తెరిచింది.

"ఆగండి వదినా. ఇచ్చింది నేను. ఈ సీసాలో పోసింది నేను కాదు."

అంతే అంది.  ఇంట్లో ఏ నిశ్శబ్దాన్నైనా పూడ్చేది తనే. ఎవరూ మాట్లాడకపోతే పోనీ నాదే పొరపాటేమో అనేసి ముందుకు పోవడం ఆమెకి ఊపిరి తీసుకున్నంత అలవాటు. ఆ మాట నాలుక దాకా వచ్చింది. పళ్ళ వెనకే ఆపింది. రక్తం సంచీలోంచి చుక్క తర్వాత చుక్క పడుతోంది. డాక్టరు వాచీ చూసుకున్నాడు. మందులావిడ పెన్ను క్లిప్పు మీద పెట్టి ఎదురుచూసింది. ఆమె భర్త వంక చూడలేదు. సీసా వంకే చూసింది.

భర్త చేత్తో జేబు తడుముకున్నాడు. ఎవరూ గుమ్మడికాయల దొంగ అనకుండానే భుజం తడుముకోవడం అది.

"నేనే," అన్నాడు చివరికి.

మందులావిడ ఒక్కొక్కటే అడిగింది, అతను ఒక్కొక్కటే చెప్పాడు. నాన్న మోకాళ్ళు పట్టుకుని మూలుగుతుంటే మందుల షాపుకి వెళ్ళాడు. ఏదైనా గట్టిది ఇమ్మన్నాడు. డబ్బాలోంచి లెక్కపెట్టి పొట్లం కట్టి ఇచ్చారు. ఆయన ఇంకేం వాడుతున్నారని షాపులో అడిగారా? లేదు. మీరు చెప్పారా? లేదు. నొప్పుల మాత్రలు కూడదని ముందే రాసిచ్చారు కదా? అవును. మరి సీసాలో ఎందుకు పోశారు?

అతను భార్య వంక చూశాడు. "ఇంట్లో నొప్పుల మాత్ర కనపడితే గోల చేస్తుంది. అందుకని."

"నేనే అన్నాను వాడితో," అన్నాడు మామగారు కళ్ళు తెరవకుండా. గొంతు పీలగా ఉంది. "కోడలికి తెలిస్తే పడనివ్వదురా, కాల్షియం సీసాలో పొయ్యి అని."

అంటే ఇద్దరికీ తెలుసు. క్లినిక్‌లో డాక్టరు అడిగినప్పుడు ఒకడు టైము చూసుకున్నాడు, ఒకాయన క్లచ్ తొక్కుకున్నాడు. మెట్ల మీద పోనీలే అన్నది తెలిసే అన్నాడు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగితే, గిన్నె దగ్గరున్న మనిషిని దొంగని చేశారు.

ఆడపడుచు తమ్ముడి భుజం మీద చెయ్యి వేసింది. "వాడేం పరాయివాడా? నాన్న బాధ చూడలేక చేశాడు. ప్రేమ కొద్దీ చేశాడు. చదువుకున్నవాడైనా మందుల సంగతి వాడికేం తెలుస్తుంది?"

అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ. ఈ సామెతని ఆమె వందసార్లు విని నవ్వింది. ఇవాళ నవ్వు రాలేదు.

"వదినా, మూడు రోజుల కింద ఇదే తప్పు నాదనుకున్నప్పుడు దానికి మతిలేకపోవడం అని పేరు పెట్టారు. ఇందాక ఈ మంచం దగ్గరే అబద్ధం అని పెట్టారు. తమ్ముడిదని తేలేసరికి ప్రేమ అయిపోయిందా? లోపలున్నది అదే కదా. చీటీ ఒకటే మార్చారు."

గొంతు పెంచలేదు. పక్క మంచం మనిషి మాత్రం తింటున్న చెంచా ఆపాడు.

తర్వాత మామగారి వైపు వంగి, దుప్పటి సరిచేస్తూ అడిగింది. "క్లినిక్‌లో నన్ను అడుగుతున్నప్పుడు మీరు పక్కనే ఉన్నారు కదా మావయ్యగారూ."

 దుప్పటి కింద ఆయన ఎడమ కాలు ఒకసారి నొక్కుకుంది. అక్కడ తొక్కడానికేమీ లేదు.

డాక్టరు గొంతు సవరించుకుని, ఇలాంటివి ముందే చెప్పాలమ్మా అని ఎవరికీ కాకుండా అని, పక్క మంచానికి వెళ్ళాడు.

*

ఐదో రోజు ఇంటికి పంపేటప్పుడు మందులావిడ ఆమెనీ భర్తనీ కూర్చోబెట్టింది. వేళ తప్పకుండా రోజూ ఒకే టైముకి మాత్ర. జలుబు మందైనా, పుల్లటి చూర్ణమైనా, పక్కింటివాళ్ళిచ్చిన పొడైనా అడక్కుండా వద్దు. ఏ మందూ దాని అట్టలోంచి వేరే దాంట్లోకి మారకూడదు. నొప్పి వస్తే దాచుకోవద్దు, దానికి వేరే దారులున్నాయి, అడగండి. భర్త బుద్ధిగా తల ఊపాడు.

"ఆకుకూరలు పెట్టొచ్చా?" అని అడిగింది ఆమె.

"పెట్టకపోతే ఎలా? రోజూ ఒకే కొలత పెట్టండి. ఒక వారం గంపెడు, ఒక వారం సున్నా అయితేనే నంబరు ఊగుతుంది. ఉన్నట్టుండి మానేసినా పైకి పోతుంది."

"పూర్తిగా మానెయ్యమన్నారండీ."

ఆవిడ ఫైలు మూసింది. "మానక్కర్లేదమ్మా," అంది.

ఇంటికొచ్చిన మూడో సాయంత్రం ఆమె పని నుంచి వస్తూ రెండు ఆకుకూర కట్టలు తెచ్చింది. ఆకులు వలిచి, మూడు నీళ్ళు మార్చి కడిగి, వండి, చిన్న స్టీలు కప్పుతో కొలిచి మామగారి కంచంలో పెట్టింది. ఆయన కంచం వంక, ఆమె వంక చూశాడు.

"రోజూ ఇంతే ఉంటుంది," అంది. "ఎక్కువా ఉండదు, తక్కువా ఉండదు."

భోజనమయ్యాక మాత్ర ఆయన చేతిలో పెట్టలేదు. అట్ట అలాగే అందించింది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని, అట్ట దూరంగా పట్టుకుని, ఎదురుగా వచ్చే బస్సు బోర్డు చదివినట్టు పేరు పైకి చదివాడు. తర్వాత నొక్కి తీసుకుని వేసుకున్నాడు. ఆ గీత తను పెట్టనంది. క్యాలెండరూ పెన్నూ ఆయన ముందుకే జరిపింది. ఆయన వంకర గీత ఒకటి గీశాడు.

ఆమె తన కంచం పెట్టుకుని కూర్చుంది. కప్పుతో కొలవలేదు. గిన్నెలో మిగిలిందంతా వంచుకుంది.

భర్త షోరూం నుంచి వచ్చాడు. పొద్దుటి నుంచీ తలనొప్పిగా ఉందన్నాడు. ఆమె కంచం దగ్గర్నుంచి లేవలేదు. అతనే అరలో వెతికి, ఇంట్లో ఎప్పుడూ ఉండే తలనొప్పి మాత్రల సీసా తీశాడు. ఒకటి అరచేతిలోకి రాల్చుకున్నాడు. గ్లాసులో నీళ్ళు పోసుకున్నాడు. నోటి దాకా తీసుకెళ్ళి ఆగాడు.

మాత్రని వేళ్ళ మధ్య తిప్పాడు. లైటు కిందికి నడిచి మళ్ళీ చూశాడు.

"ఇది అదేనా?" అన్నాడు.

"సీసా మీద ఏముంది?"

"తలనొప్పిదనే ఉంది."

"మరింకేం. వేసుకోండి."

ఆమె ముద్ద కలుపుకుంది. ఆకుకూర వేళ్ళకి వెచ్చగా తగిలింది. ఆ ముద్ద తిని ఇంకోటి కలుపుకునేసరికి కూడా అతను లైటు కిందే ఉన్నాడు, ఒక చేతిలో నీళ్ళు, ఒక చేతిలో మాత్ర, సీసా మీది చీటీని మళ్ళీ మొదటి నుంచీ చదువుతూ.